సభ్యదోషం: యువ క్రీడాకారుల తలగాయం, కుంగుబాటు, బలవన్మరణాలపై ఒక నైతిక విచారణ

భాగవత దశమస్కంధంలో కంసుని మల్లరంగం దగ్గర ఒక చిన్న సంవాదం జరుగుతుంది. చాణూరుడు రామకృష్ణులను కుస్తీకి పిలుస్తూ, రాజుకు వేడుక కలిగించడం ప్రజల విధి అంటాడు. కృష్ణుని జవాబులో పౌరుషం కంటె న్యాయదృష్టి ఎక్కువ. తాము బాలురమనీ, తమతో సమానమైన బలం గలవారితోనే ఆడతామనీ, లేకుంటే ఆ అధర్మం సభలో కూర్చున్నవారిని అంటుతుందనీ అతడు చెబుతాడు. చాణూరుడు ఒప్పుకోడు. కువలయాపీడాన్ని కూల్చినవాడు బాలుడెలా అవుతాడన్నది అతని వాదం. పోరు మొదలయ్యాక మథురాపుర స్త్రీలు అదే ప్రశ్నను మళ్ళీ ఎత్తుకొంటారు. కొండలవంటి మల్లులకూ లేతమేని బాలురకూ పోరేమిటని పరితపిస్తారు. అధర్మం తలెత్తిన సభలో నిలవరాదంటారు. తెలిసి కూడా మాట్లాడనివాడు, తప్పుగా మాట్లాడినవాడు, తనకేమీ తెలియదన్నవాడు ముగ్గురూ పాపాన్ని పంచుకొనేవారేనంటారు. సభలోనివారికి అంటే ఈ దోషానికి వ్యాసభాగవతం వాడిన మాట ‘సభ్యదోషం’.

కథలో బాలుడే గెలిచాడు. గెలిచినవాడు అవతారపురుషుడు కావడంతో ఆ స్త్రీల ప్రశ్న భక్తిరసంలో కరిగిపోయింది. సాధారణంగా దానిని వాత్సల్య ప్రకటనగానే చదువుతారు. నిజానికి అది సంపూర్ణమైన నైతిక వాదం. బరిలో ఉన్నవారిలో ఎవరు ధర్మపరులన్న విచారణను అది పక్కనపెట్టి, బరిచుట్టూ కూర్చున్నవారిని బోనులో నిలబెడుతుంది. చాణూరుని జవాబు కూడా అంతే ఆధునికం. నిన్నటి గెలుపును సాక్ష్యంగా చూపి నేటి బాల్యాన్ని కొట్టివేయడం అతని పద్ధతి. జిల్లాస్థాయిలో పతకం తెచ్చిన పద్నాలుగేళ్ళ పిల్లను ‘ఇంకా చిన్నపిల్లవా నువ్వు’ అని గద్దించే శిక్షకుని గొంతులో ఆ తర్కమే వినిపిస్తుంది.

ఆటలో తలకు దెబ్బ తిని, ఆపై కుంగుబాటులో పడి, కొందరి విషయంలో ప్రాణాలే పోగొట్టుకొన్న యువ క్రీడాకారుల మరణం ఎవరి లెక్కలో చేరాలన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ఆత్మహత్య ధర్మమా అధర్మమా అన్న చర్చ ప్రాచీనమైనదే. కాంట్ దానిని మనిషి తనపట్ల తాను చేసే కర్తవ్యభంగమన్నాడు. హ్యూమ్ ఆ వాదాన్ని ఖండించాడు. ఇద్దరి చర్చా మరణించే వ్యక్తి చుట్టూనే తిరుగుతుంది. మథురాపుర స్త్రీల ప్రశ్న ఆ కేంద్రాన్ని జరుపుతుంది. ఇక్కడ అనుసరించినది వారి దారి.

దశమస్కంధాన్ని తెలుగు చేసిన పోతన ఊరు బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. (ఒంటిమిట్ట వాదం వేరు, ఇక్కడ అది అప్రస్తుతం.) 2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడిన జిల్లాలలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఉన్నాయి. మెట్టసేద్యపు జనగామ, తండాల గూడేల మహబూబాబాద్, బొగ్గుగనుల భూపాలపల్లి మూడూ మూడు తీరుల బతుకులు. అయినా ఆట విషయంలో మూడింటికీ ఒక పోలిక ఉంది. గురుకుల పాఠశాల, క్రీడా వసతిగృహం, మండల పోటీ, జిల్లా పోటీ, రాష్ట్ర జట్టు, ధ్రువపత్రం, క్రీడాకోటా, చివరికి ఒక పోలీసు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో. పేద ఇంటి పిల్లకు ఆట ఒక నిచ్చెన. ఆ నిచ్చెన మొత్తం ఆమె దేహం మీదనే ఆని ఉంటుంది.

క్రీడాతత్త్వ గ్రంథాలు ఈ సంగతిని అంతగా పట్టించుకోలేదు. హొయిజింగా 1938లో ప్రచురించిన ‘హోమో లూడెన్స్’ ఆటను నిత్యజీవితం నుండి వేరుపడిన, స్వేచ్ఛగా ఎంచుకొన్న వలయంగా వర్ణించింది. బెర్నార్డ్ సూట్స్ 1978లో ‘ది గ్రాస్‌హాపర్’లో, అవసరం లేని అడ్డంకులను మనిషి తనంతట తాను దాటబూనడమే ఆట అన్నాడు. ఈ నిర్వచనం అందమైనది. కానీ తండా నుండి వచ్చిన కబడ్డీ క్రీడాకారిణికి ఆ అడ్డంకులలో ఏది అవసరం లేనిది? దెబ్బ తగిలినా బరిలో నిలబడడం ఆమె ‘స్వేచ్ఛగా’ ఎంచుకొన్నదేనా? సమ్మతి అన్న మాటను నీతిశాస్త్రం ఎంత బరువుతో వాడుతుందో ఇక్కడ అంత బరువును అది మోయలేదు.

పల్లె చెడుగుడులో మరొక తత్త్వం దాగి ఉంది. పట్టుబడినవాడు ‘సచ్చిండు’, తమవాడు ఎదుటివారిలో ఒకరిని ‘సంపితే’ ఇతడు ‘బతికిండు’. చావు అన్న పదాన్ని ఇంత తేలికగా, ఇంత ఆరోగ్యంగా వాడే చోటు భాషలో మరొకటి లేదు. ఆట చావు తిరిగి లేచే చావు. ఆటలోని ఓటమి ఆటలోనే తీరిపోవాలన్న నియమం ఆ రెండు క్రియలలో ఉంది. గెలుపోటములకు ఉద్యోగం, పరువు, తల్లిదండ్రుల అప్పు ముడిపడినప్పుడు ఆ నియమం తెగిపోతుంది.

తల అనే మాట

తెలుగులో పరువుకు శరీరావయవం తల. గెలిచినవాడు తలెత్తుకొని తిరుగుతాడు, ఓడినవాడు తలదించుకొంటాడు. ఇంటిపేరుకు మచ్చ వస్తే తలవంపులు. భరించలేని అవమానం జరిగితే తల కొట్టేసినట్లవుతుంది. ఈ పలుకుబడులలో తల అంటే పుర్రె కాదు, అందులోని మెదడు కాదు. పదిమంది చూపులో మనిషికి ఉన్న ఎత్తు. ఇవి వందల ఏళ్ళ వాడుకలు, వాటిని తప్పుపట్టడం అవివేకం. అయితే నిజమైన తలకు నిజమైన దెబ్బ తగిలినప్పుడు ఈ భాష ఏం చేస్తుందన్నది చూడవలసి ఉంది.

తలకు కుదుపు తగిలి మెదడు తాత్కాలికంగా దెబ్బతినే స్థితిని వైద్యులు కన్‌కషన్ అంటారు. దానికి తెలుగులో నలిగిన మాట లేదు. లక్షణాలకు మాత్రం మాటలు కొల్లలు: తల తిరగడం, దిమ్మ తిరగడం, కళ్ళు బైర్లు కమ్మడం, చుక్కలు కనిపించడం. ఓరుగల్లు పల్లెల్లో ‘కండ్లు తిరుగుతున్నయి’, ‘నెత్తి నొస్తున్నది’ అంటారు. ఈ మాటలలో దాదాపు ప్రతిదానికీ రెండవ అర్థం ఒకటి స్థిరపడిపోయింది. తలతిరుగుడు అంటే అహంకారం. కళ్ళు నెత్తికెక్కడం అంటే పొగరు. ‘తల తిరుగుతోందా?’ అన్న ప్రశ్న వైద్యుని నోట పరీక్ష, పెద్దల నోట తిట్టు. బరిలో పడి లేచిన పిల్లవాడు ఆ మాట చెప్పుకోబోతే దాని వెనుకనే నింద సిద్ధంగా ఉంటుంది.

పత్రికల క్రీడాపుటలది మరొక తీరు. ప్రత్యర్థికి చుక్కలు చూపించారు, దిమ్మతిరిగే దెబ్బ కొట్టారు, మట్టికరిపించారు అన్నవి శీర్షికల్లో నిత్యం కనిపించే మాటలు. చుక్కలు కనిపించడం మెదడు కుదిపివేతకు లక్షణం. శీర్షికలో అది విజయానికి అలంకారం. రాసినవారికి దురుద్దేశం ఉండదు, చదివేవారికి ఆ స్పృహే ఉండదు. మథురాపుర స్త్రీలు చెప్పిన ముగ్గురిలో తప్పుగా మాట్లాడేవాడి స్థానం ఇక్కడ వ్యక్తిది కాదు, వాడుకది. సాహిత్య విద్యార్థికి ఈ దోషంలో ప్రత్యేకమైన వాటా ఉంది. రూపకాన్ని రూపకంగా గుర్తించడం అతని వృత్తి కదా.

వైద్యశాస్త్రం ఈ విషయంలో నేర్చుకొన్నది కొంత, ఇంకా తేల్చవలసినది కొంత. 1928లో అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ ముష్టియోధులలో కనిపించే తూలుడు, తడబాటు, మతిమరుపు గురించి రాశాడు. 2002లో బెన్నెట్ ఒమాలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడును మరణానంతరం పరీక్షించి, పదేపదే తగిలిన దెబ్బల వలన కలిగిన క్షీణతను గుర్తించాడు. వెబ్‌స్టర్ ఏళ్ళతరబడి వృత్తిక్రీడ ఆడినవాడు. ఓవెన్ థామస్ అలా కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ జట్టులో ఆడుతూ 2010 ఏప్రిల్‌లో 21 ఏళ్ళ వయసులో తన ప్రాణం తీసుకొన్నాడు. అతనికి ఎన్నడూ కన్‌కషన్ అయినట్లు నమోదు లేదు. అయినా మెదడులో ఆ క్షీణత తొలిదశ కనిపించింది. పడిపోయేటంత దెబ్బ తగలకపోయినా, చిన్న కుదుపులు పోగుపడితే చాలునేమోనన్న ఆందోళన అక్కడినుండి బలపడింది. ఆ క్షీణతే అతని మరణానికి కారణమని పరీక్షించిన శాస్త్రజ్ఞులు చెప్పలేదు. చెప్పకపోవడం వారి వృత్తిధర్మం.

కెల్లీ కాట్లిన్ కథ మరింత దగ్గరగా చదవదగినది. 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా సైక్లింగ్ జట్టుతో రజతం గెలిచిన క్రీడాకారిణి, స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధక విద్యార్థిని. 2018 చివర సైకిలుపై నుండి పడి తలకు దెబ్బ తగిలింది. ఆ తరువాత ఆమె స్వభావమే మారిపోయిందని కుటుంబం చెప్పింది. 2019 మార్చిలో, 23 ఏళ్ళ వయసులో ఆమె మరణించింది. చదువు, సాధన, గాయం మూడింటినీ ఒక్కతే మోయాలనుకొన్న ఆమెలో పట్టుదల లోపించిందని ఎవరూ అనలేరు. ఆ పట్టుదలనే అందరూ మెచ్చుకొన్నారు. ఆపమని చెప్పవలసిన తల దెబ్బతిన్నప్పుడు ఆపకపోవడం గుణమెలా అవుతుంది? విల్లును ఎక్కుపెట్టే చేయి విరిగితే అందరికీ కనిపిస్తుంది. నిర్ణయం తీసుకొనే అవయవమే గాయపడితే, ఆ గాయం నిర్ణయం వేషంలో బయటికి వస్తుంది. ఆ నిర్ణయాన్ని పిరికితనమన్నా, తెగువ అన్నా రెండూ తప్పు చదువులే.

2016లో కెనడాలోని ఆంటారియోలో వెలువడిన ఒక అధ్యయనం కన్‌కషన్‌కు లోనైన రెండు లక్షల ముప్పైయైదు వేల మందికి పైగా వయోజనుల వైద్య వివరాలను పరిశీలించింది. దీర్ఘకాలంలో వారిలో ఆత్మహత్యల రేటు సాధారణ జనాభాకు సుమారు మూడింతలని తేల్చింది. వారు క్రీడాకారులే కారు, రకరకాలుగా దెబ్బ తిన్న మామూలు మనుషులు. అప్పుడు కూడా, దెబ్బ తగిలినవారిలో అత్యధికులు కోలుకొంటారన్నది అంతే నిజం. ఎదిగే వయసులో కోలుకోవడానికి ఎక్కువ సమయం పట్టవచ్చు; మొదటి దెబ్బ మానక ముందే రెండవది తగలడం ప్రమాదకరం. స్కానింగ్‌లో సాధారణంగా ఏమీ కనిపించదు. స్పృహ తప్పితేనే గాయమన్నది కూడా పొరపాటే.

ఎండిన నేల మీద కబడ్డీ ఆడేటప్పుడు పట్టులో మోకాలు తలకు తగలడం, వెల్లకిల పడి మాడు కొట్టుకోవడం చూడనివారుండరు. క్రికెట్‌లో ఫిలిప్ హ్యూస్ 2014 నవంబరులో బంతి దెబ్బకు మరణించాక, దాదాపు అయిదేళ్ళకు, 2019 ఆగస్టు నుండి తలగాయమైన ఆటగాని స్థానంలో మరొకరిని ఆడించే నియమం అంతర్జాతీయ పోటీలలోకి వచ్చింది. అంత సంపన్నమైన ఆటకే అంత కాలం పట్టింది. దసరా సెలవులకో సంక్రాంతికో ఊరి యువజన సంఘం నడిపే పోటీలో సున్నపు గీతలుంటాయి, మైకు ఉంటుంది, షీల్డు ఉంటుంది. తలకు తగిలిన దెబ్బను రాసుకొనే కాగితం ఉండదు. అక్కడ దోషం తెలియదన్నవాడిది. తెలియకపోవడాన్ని మథురాపుర స్త్రీలు క్షమించలేదని గుర్తుంచుకోవాలి.

అయితే అన్ని మరణాలనూ మెదడుగాయం ఖాతాలో వేయడం కూడా తప్పించుకొనే మార్గమే అవుతుంది. 2015 మేలో కేరళలోని అలప్పుళలో, భారత క్రీడా ప్రాధికార సంస్థ జలక్రీడా కేంద్రంలో శిక్షణ పొందుతున్న నలుగురు బాలికలు కలిసి ప్రాణాలు తీసుకోబోయారు. ఒకరు మరణించారు. వేధింపులే కారణమని కుటుంబాలు ఆరోపించాయి. అక్కడ తలకు దెబ్బ లేదు. వసతిగృహం ఉంది, ఇంటికి దూరం ఉంది, చెప్పుకొంటే పోయే చోటు ఉంది. గాయమైన తలకైనా గాయం కాని తలకైనా ఆ చోటును పోగొట్టుకొంటామన్న భయం ఒకటే.

ఓటమి చదువులు

మహబూబాబాద్‌కు పొరుగున, వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో పోటీపడిన వర్ధినేని ప్రణీత ఆ ఊరి అమ్మాయే. జీవాంజి దీప్తిదీ ఆ ఊరే. 2024 మేలో కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో 400 మీటర్ల టీ-20 విభాగాన్ని 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం, అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం ఆమె సాధించింది. బుద్ధివికాసంలో వైకల్యం ఉన్నవారి విభాగం అది. పుట్టినప్పుడు తల చిన్నదిగా ఉందని ఊరివారు ఆమెను పిచ్చిదని, కోతి అని ఎగతాళి చేసిన సంగతిని తల్లిదండ్రులు విలేఖరులకు చెప్పారు. పారిస్ తరువాత రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల నగదును, గ్రూప్-2 ఉద్యోగాన్ని ప్రకటించింది.

దీప్తి సాధన గురించి ఎంత చెప్పినా తక్కువే. కాని ఆమె కథను చెప్పే తీరులో ఒక చిక్కుంది. వెక్కిరించిన నోళ్ళే ఇప్పుడు పొగుడుతున్నాయన్న ముగింపుతో అది పత్రికలకెక్కింది. విన్నవారికి న్యాయం జరిగినట్లుంటుంది. పతకం అవమానాన్ని రద్దు చేసిందంటే, పతకం రాకపోయివుంటే అవమానం చెల్లుబాటయ్యేదని ఒప్పుకొన్నట్లే. కల్లెడలో అలాంటి తలతో పుట్టి పరుగెత్తలేని పిల్ల ఉంటే ఆమె గౌరవానికి ఆధారమేమిటి? అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో టోక్యోలో గాలిలో దిక్కు తెలియని స్థితి కలిగి పోటీల నుండి తప్పుకొన్నప్పుడు ఆమెను బలహీనురాలన్నవారున్నారు. 2024లో పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచాక ఆ మాటలు సద్దుమణిగాయి. వాటిని సద్దుమణిగించినది ఆమె నిర్ణయంలోని వివేకం కాదు, మూడు పతకాలు.

ఓడి ఇంటికి వచ్చినవాడిని ఏం చేయాలన్న ప్రశ్నకు తెలుగు సంప్రదాయంలో రెండు జవాబులున్నాయి. మొదటిది ఖడ్గతిక్కన కథ. నెల్లూరు మనుమసిద్ధి పక్షాన కాటమరాజుతో పోరి, వెనుదిరిగి ఇంటికి వచ్చిన వీరునికి భార్య స్త్రీలకు పెట్టినట్లు పసుపుముద్దతో స్నానానికి ఏర్పాటు చేసిందని, తల్లి విరిగిన పాలు వడ్డించిందని చాటువుల కథ. అతడు తిరిగి వెళ్ళి యుద్ధంలో మరణించాడు. ఈ కథ తరాలుగా పాఠాలలోకి, ఉపన్యాసాలలోకి వీరమాతృత్వానికి ఉదాహరణగా వచ్చింది. కథను కథాకాలపు విలువలతో చదవాలన్నది సబబే. కాని దాని నిర్మాణాన్ని గమనించక తప్పదు: ఓడి బతికివచ్చిన కొడుకుకు ఇంట్లో చోటు లేకుండా చేయడం, ఆ కొడుకు మరణం, ఆపై ప్రశంస. ‘గెలిచి రా, లేకుంటే రాకు’ అని బస్సెక్కించే తండ్రి ఈ కథ విననివాడైనా దాని వారసుడే. సమాజంతో మరీ గాఢంగా ముడిపడినవాడు సమాజం కోసమే ప్రాణం తీసుకొనే స్థితిని దుర్ఖైమ్ 1897లో వివరించాడు. ఖడ్గతిక్కన ఇంటి గడపకు ఆ వివరణ చక్కగా అతుకుతుంది.

రెండవ జవాబు మేడారంలో ఉంది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా వేరుపడేవరకు మేడారం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిదే. కాకతీయుల సైన్యంతో పోరులో ఓటమి తప్పదని తేలాక సమ్మక్క కొడుకు జంపన్న ఆ అవమానం భరించలేక సంపెంగవాగులో ప్రాణం విడిచాడని, వాగుకు అతని పేరే వచ్చిందని స్థలగాథ. పైకి చూస్తే ఇది కూడా ఓటమికి మరణమే విరుగుడన్న కథ. కొందరు దానిని అలాగే తిరిగి చెబుతారు. క్రీడామైదానపు ఉపన్యాసాలలో జంపన్న పౌరుషం అలాగే వస్తుంది. ఆ చెప్పడం ప్రమాదకరం. అంతకంటె ముఖ్యంగా, అది జాతర చెప్పే అర్థం కాదు. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, జంపన్న, గాయపడి చిలకలగుట్ట వైపు వెళ్ళి కనుమరుగైన సమ్మక్క: మేడారం గద్దెలతో, వాగుతో ముడిపడిన ఈ కుటుంబమంతా యుద్ధంలో ఓడినవారే. రెండేళ్ళకొకసారి మాఘపున్నమికి లక్షలమంది వచ్చి మొక్కేది గెలిచిన సైన్యానికి కాదు. జంపన్నవాగులో మునిగి జనం గద్దెలకు వెళతారు. ఇంట్లోకి రానివ్వని తిక్కన ఇంటికీ, ఓడినవారి వాగునీటిని తలమీద పోసుకొనే మేడారానికీ మధ్య ఓటమి అర్థమే మారిపోతుంది. అక్కడ ఓటమి తలవంపు కాదు. ఆ గాథలో దుఃఖం జంపన్న ఒక్కనిది కాకపోవడాన్ని జాతర ప్రతిసారీ గుర్తుచేస్తుంది. అతడు బతికుండగా ఆ దుఃఖాన్ని పంచుకొనే వేళ రాలేదన్నదే గాథలోని విషాదం.

మైదానాలలో వినిపించే మరొక ఓదార్పు గీతలోని సమత్వభావన. జయాపజయాలను సమానంగా చూడమన్న ఆ బోధ మహత్తరమైనదే. అది అర్జునుణ్ణి తిరిగి యుద్ధానికి పంపడానికి చెప్పిన మాట అన్న సంగతి మాత్రం మరవరాదు. గాయపడిన పిల్లకు ‘గెలుపోటములు సహజం, లే’ అన్నప్పుడు అందులో ‘లే’ అన్నదే అసలు మాట.

మనాది

కుంగుబాటు పత్రికాభాష ఇచ్చిన మాట. కుంగడంలో కిందికి దిగడం ఉంది. మళ్ళీ తల ఎత్తు కొలతే. ఓరుగల్లు ప్రాంతపు వాడుకలో రంది, బుగులు, మనాది అన్న మాటలున్నాయి. రంది చింత, బుగులు భయం. మనాది వీటికంటె లోతైనది. ‘మనాదితోటి మంచం పట్టిండు’, ‘మనాదితోటి పోయిండు’ అంటారు. ఈ వాక్యాలలో నింద లేదు. జ్వరంతో పోయినట్లే మనాదితో పోవడం. మనాదిలో ‘ఆధి’ వినబడుతుంది. ఆధివ్యాధులని జంటగా చెప్పిన సంస్కృత సమాసం మనసు నొప్పినీ మేని నొప్పినీ ఒకే వరుసలో నిలిపింది. ఆధునిక వైద్యం ఎంతో కష్టపడి ఒప్పించవలసివచ్చిన సంగతిని ఈ పల్లె వాక్యం ముందే ఒప్పుకొంది.

‘ఆత్మహత్య’లో హత్య ఉంది, కనుక నేరం ఉంది. చట్టం కూడా చాలాకాలం అలాగే చదివింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ప్రాణం తీసుకోబోయినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలంది. 2024 జులై 1న అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ పాత నేరాన్ని సాధారణ రూపంలో కొనసాగించలేదు. పత్రికలు వాడే ‘బలవన్మరణం’ ఇంకో విచిత్రమైన మాట. బలవంతంగా జరిగిన మరణమని దాని అర్థం. ఎవరి బలవంతం? మరణించినవాడు తనమీద తాను చేసిన బలవంతమని వాడుక సర్దుకొంది. ఆ సమాసం విడదీసినప్పుడు ఖాళీగా మిగిలే కర్తృస్థానమే సభ్యదోషం కూర్చొనే చోటు.

విశాఖపట్నంలో ఒక కోచింగు వసతిగృహ విద్యార్థిని మరణానికి సంబంధించిన వ్యాజ్యంలో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలిచ్చింది. వందకు పైగా విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హులైన మనోసలహాదారు ఉండాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఉండాలి. పదిమందిలో సిగ్గుపరచడం మానాలి. టెలి మానస్ (14416) వంటి సహాయ కేంద్రాల నెంబర్లు అందరికీ కనిపించేచోట పెట్టాలి. అదే తీర్పు ఒత్తిడిని తగ్గించే మార్గాలలో క్రీడలనూ చేర్చింది. చదువుల పిల్లలకు అది సరైన మందే. ఆటే చదువైన పిల్లలకు గాయమైనది ఆ మందు దగ్గరే. వారి విషయంలో తీర్పులోని ‘సిబ్బంది’ అన్న మాటకు మొదటి అర్థం వ్యాయామ ఉపాధ్యాయుడు. మనోసలహాదారు వారానికొకసారి వచ్చినా రాకపోయినా, పడిన పిల్లను మొదట చూసేది అతడే. మాట్లాడనివాడూ, తప్పుగా మాట్లాడేవాడూ, తెలియదన్నవాడూ కాకుండా ఉండే అవకాశం ఆ నిమిషంలో అతనికి ఉంటుంది. జట్టు పాయింట్లు, ప్రధానోపాధ్యాయుని ఫోను, గోడమీది షీల్డుల వరుస కూడా ఆ నిమిషంలోనే ఉంటాయి.

తలకు దెబ్బ తగిలిన క్రీడాకారుని గీత పక్కన కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆస్ట్రేలియాలో మాడక్స్ అనే పరిశోధకుడు, అతని సహచరులు 1995లో ప్రచురించిన పనినుండి వచ్చి, తరువాత అంతర్జాతీయ పరీక్షాపత్రాలలో చేరినవి. ఇప్పుడు మనం ఏ మైదానంలో ఉన్నాం? ఇది ఎన్నవ భాగం? చివరి పాయింటు ఎవరు సాధించారు? పోయినసారి ఎవరితో ఆడారు? చివరి ప్రశ్న: పోయిన ఆటలో మీ జట్టు గెలిచిందా? జనగామ మైదానంలోనైనా గూడూరు గురుకులంలోనైనా వీటిని అక్కడి తెలుగులో అడగడానికి పరికరమేదీ అక్కరలేదు. ఆ చివరి ప్రశ్నకు గెలిచాం అన్నా, ఓడిపోయాం అన్నా సరైన జవాబే. జరిగినది జరిగినట్లు గుర్తుంటే చాలు. జవాబు రాకపోతే, తడబడితే, ఆ పిల్లవాణ్ణి ఆ రోజుకు ఇక ఆడించరు.